తరంగాలు పుట్టేదెలా, నడిచేదెలా? మా పెరంబూరు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలోని అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ముప్పై ఏళ్లు అల్ట్రాసోనిక్ టెస్టింగ్ పని చేశాను. మా వాళ్లు దాన్ని యూటీ అంటారు. వెల్డింగ్ మీద గ్రీజు రాసి, చెవికి అందని శబ్దాన్ని పంపే ప్రోబ్ ఆనించి, తెర మీద లేచిన ఎకో (తగిలి తిరిగొచ్చిన శబ్దం) చూసి లోపల పగులుందో లేదో చెప్పాలి. రిటైరయ్యాక పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు ఫిజిక్స్ చెబుతున్నాను. ఇక్కడ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లలకు బడిలో తమిళం, ఇంగ్లీషు, ఇంటికొస్తే తెలుగు. ఒకే ప్రశ్నకు ప్రతి ఏడాదీ మళ్లీ మొదటినుంచి జవాబు చెప్పలేక ఇలా రాసి పెట్టాను. ప్రశ్నలు ఎక్కువగా పిల్లలవే. కొన్ని వాళ్ల అమ్మలవి, ఒకటి మా వాచ్‌మన్‌ది.

తరంగం అంటే అసలు ఏమిటి? అందులో కదిలేది ఏది?

గూడ్సు బండికి ఇంజను తగిలించేటప్పుడు ఎప్పుడైనా పక్కన నిలబడి విన్నారా? ఇంజను వచ్చి ఆనగానే మొదటి డబ్బా దగ్గర 'ఢమ్' అంటుంది. ఆ తర్వాత ఢమ్, ఢమ్, ఢమ్ అంటూ ఆ చప్పుడు చివరి డబ్బా దాకా పరిగెత్తుతుంది. ఒక్కో డబ్బా కదిలింది మహా అయితే జానెడు. కానీ కుదుపు మాత్రం బండి పొడవునా వెళ్లింది. ఆ కుదుపే తరంగం. పదార్థం ఉన్నచోటే కాస్త అటూ ఇటూ ఊగుతుంది, శక్తి మాత్రం ముందుకు పోతుంది.

ఇది జరగాలంటే పదార్థానికి రెండు గుణాలుండాలి. చోటు తప్పిన కణాన్ని వెనక్కి లాగే బిగువు ఒకటి. వెనక్కి వచ్చిన కణం అక్కడే ఆగిపోకుండా అవతలికి దాటేలా చేసే బరువు రెండోది. బిగువు లాగుతుంది, బరువు ఆగనివ్వదు. ఈ రెండింటి తగువే తరంగం. మిగతా ప్రశ్నల్లో సగానికి జవాబు ఈ మాటలోనే ఉంది, కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి.

అనుదైర్ఘ్య తరంగం, తిర్యక్ తరంగం: ఈ పేర్లు చూస్తేనే టెన్షన్ వస్తోంది.

పేర్లు పెద్దవి, విషయం చిన్నది. గూడ్సు బండిలో కుదుపు వెళ్లిన దారిలోనే డబ్బాలూ కదిలాయి. అది అనుదైర్ఘ్యం. బట్టలారేసే తాడును ఒక కొస పట్టుకుని పైకీ కిందికీ ఝాడిస్తే వంపు గోడ వైపు పోతుంది, తాడు మాత్రం పైకీ కిందికీ ఊగుతుంది. అది తిర్యక్. అంతే.

శబ్దం అనుదైర్ఘ్యం అంటారు, మరి పుస్తకంలో పాములాంటి గీత గీస్తారేం?

ఆ బొమ్మతో నాకు ఎప్పుడూ పేచీయే. అది గాలి ఆకారం కాదు, గాలి పీడనం ఎక్కడ ఎక్కువుందో ఎక్కడ తక్కువుందో చూపే గ్రాఫు. గీత పైకి లేచిన చోట గాలి కిక్కిరిసి ఉంది, కిందికి దిగిన చోట పలచబడింది. గాలిలో పాములేమీ పాకవు.

గాలిలో, నీళ్లలో తిర్యక్ తరంగం ఎందుకు నడవదు?

పేకముక్కల కట్టను బల్ల మీద పెట్టి పై ముక్కను పక్కకు తోయండి. కింది ముక్కలు దాన్ని వెనక్కి లాగవు, అది జారి ఊరుకుంటుంది. ద్రవాలు, వాయువులు అలాంటివి. నొక్కితే ఎదురు తిరుగుతాయి, కానీ పక్కకు జరిపితే 'సరే పో' అంటాయి. వెనక్కి లాగే బిగువు లేనప్పుడు తరంగానికి ఆధారం ఉండదు. ఘనపదార్థం అలా కాదు, పక్కకు జరిపినా ఊరుకోదు. అందుకే ఉక్కులో రెండు రకాల తరంగాలూ నడుస్తాయి: అనుదైర్ఘ్యం సెకనుకు సుమారు 5,900 మీటర్లు, తిర్యక్ సుమారు 3,200.

ఈ చిన్న తేడాతో భూమి కడుపులో ఏముందో కనిపెట్టారు. భూకంపంలో ముందు వచ్చేది అనుదైర్ఘ్య తరంగం, దాన్ని పీ తరంగం అంటారు. వెనకాల వచ్చే తిర్యక్ తరంగం ఎస్. 1897లో అస్సాంలో పెద్ద భూకంపం వచ్చింది. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాని రికార్డుల్లో ఈ రెండింటినీ విడదీసి చూశాడు. 1906లో తరంగాల ప్రయాణకాలాలను బట్టి భూమికి కేంద్రకం ఉందని వాదించాడు. ఎస్ తరంగాలు ఆ కేంద్రకాన్ని దాటి రావడం లేదంటే అక్కడున్నది ద్రవమని తర్వాతి వాళ్లు తేల్చారు. ఆ ద్రవం నడుమ ఇంకో గట్టి గుండు ఉందని 1936లో డెన్మార్క్‌కు చెందిన ఇంగె లేమన్ అనే ఆవిడ చెప్పింది. ఒక్క గజం కూడా తవ్వకుండానే! నేను వెల్డింగ్‌లో చేసిన పనిని వాళ్లు భూగోళం మొత్తానికీ చేశారు, అంతే తేడా.

గాలి కంటే ఉక్కు అంత బరువు కదా, మరి శబ్దం దానిలోనే వేగంగా ఎలా పోతుంది?

ఏటా అడిగే ప్రశ్న ఇది. నాకు ఇష్టమైనది కూడా.

బరువు తరంగాన్ని నెమ్మదిస్తుంది, నిజమే. కానీ బిగువు దాన్ని తరుముతుంది. లెక్క వేద్దాం. ఒకే ఘనపరిమాణం తీసుకుంటే ఉక్కు గాలికంటే సుమారు 6,500 రెట్లు బరువు. బిగువు మాత్రం దాదాపు 19 లక్షల రెట్లు ఎక్కువ. బిగువును బరువుతో భాగిస్తే సుమారు 290 వస్తుంది. దానికి వర్గమూలం తీస్తే 17. గాలిలో శబ్దవేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. దాన్ని 17తో గుణించండి. 5,831. పైన చెప్పిన 5,900కు ఎంత దగ్గరగా వచ్చిందో చూశారా?

నీళ్లలో వేగం సుమారు 1,480. శరీరంలోని మెత్తటి కండలో 1,540, ఎందుకంటే మనం ఎక్కువ భాగం నీళ్లమే. 'బరువైన పదార్థంలో శబ్దం వేగంగా పోతుంది' అని కొన్ని గైడ్లలో ఉంటుంది. కొట్టేయండి. సీసం ఉక్కుకంటే బరువు, కానీ మెత్తన. దానిలో శబ్దం ఉక్కులో కంటే సగం వేగంతో కూడా పోలేదు.

ఇంట్లో చేసి చూడగలిగే ప్రయోగం ఏదైనా చెప్పండి.

పింగాణీ కప్పులో వేడినీళ్లు పోయండి. ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి గిరగిరా కలపండి. వెంటనే చెంచాతో కప్పు అడుగున లోపలివైపు టక్ టక్ మని కొడుతూ ఉండండి. మొదట బొంగురుగా వినిపించిన శబ్దం అర నిమిషంలో మెల్లగా సన్నబడుతూ పైకి పోతుంది. కప్పు మారలేదు, నీళ్లు మారలేదు, కొట్టే చెయ్యీ మారలేదు.

మారింది బుడగలు. కలిపినప్పుడు పొడితోపాటు సన్నటి గాలి బుడగలు నీళ్లలో చేరతాయి. బుడగ వల్ల నీళ్ల బరువు పెద్దగా తగ్గదు కానీ బిగువు ఒక్కసారిగా పడిపోతుంది. కాంక్రీటు దిమ్మల మధ్య స్పాంజి పెట్టినట్టు అనుకోండి. బరువు నీళ్లది, బిగువు గాలిది. తరంగానికి ఇంతకంటే గడ్డు జోడీ ఉండదు. చిత్రమేమిటంటే బుడగలు తగినన్ని ఉంటే ఆ మిశ్రమంలో శబ్దవేగం గాలిలో కంటే కూడా తగ్గిపోతుంది. బుడగలు పైకి పోయేకొద్దీ వేగం పెరిగి శ్రుతి పెరుగుతుంది. మా క్లాసులో దీనికి పడినన్ని చప్పట్లు ఇంక దేనికీ పడలేదు. కాఫీ మాత్రం ఎప్పుడూ చల్లారిపోతుంది.

బిందె నిండుతుంటే చప్పుడు సన్నబడుతుంది. కానీ జలతరంగం కప్పులో నీళ్లు పోస్తే స్వరం దిగుతుంది. ఒకటి ఎక్కుతుంది, ఒకటి దిగుతుంది, ఎందుకు?

ఊగేది వేరు కాబట్టి. బిందెలో మోగేది నీటి పైనున్న గాలి స్తంభం. నీళ్లు పెరిగేకొద్దీ అది పొట్టిదవుతుంది, స్వరం పైకి పోతుంది. జలతరంగంలో మోగేది కప్పు గోడ. దానికి నీళ్లు అంటుకుంటే బరువు పెరుగుతుంది, బిగువు అంతే ఉంటుంది, కాబట్టి స్వరం దిగుతుంది. మళ్లీ ఆ రెండు మాటలే.

వీణ తీగను ఎంత బిగిస్తే స్వరం రెట్టింపు అవుతుంది?

రెండు రెట్లు బిగిస్తే కాదు, నాలుగు రెట్లు బిగించాలి. ఇక్కడా వర్గమూలమే అడ్డు. అంత బిగిస్తే తీగ తెగుతుంది, అందుకే బిరడాలు శ్రుతి సరిచేయడానికి మాత్రమే పనికొస్తాయి. పై షడ్జమం కావాలంటే వేలు పన్నెండో మెట్టు మీదకు వెళ్లాలి, అక్కడ తీగ పొడవు సగం. రెండు కొసల మధ్య తరంగం అటూ ఇటూ తగిలి తన మీద తానే పడి ఒకచోట నిలబడినట్టు కనిపిస్తుంది. దాన్ని స్థిర తరంగం అంటారు. కొసల మధ్య సరిగ్గా ఒక వంపు, రెండు, మూడు ఇలా పట్టేవే బతుకుతాయి, మిగతావి వాటినవే చెరుపుకుంటాయి.

ఇక్కడ మృదంగం సంగతి చెప్పకుండా ఉండలేను. తీగలో అసలు స్వరంతోపాటు మోగే ఉపస్వరాలు దానికి 1, 2, 3, 4 రెట్లుగా వరసగా వస్తాయి, అందుకే చెవికి ఇంపు. మామూలు తోలు మూతలో అలా రావు. 1, 1.59, 2.14, 2.30 అని అడ్డదిడ్డంగా వస్తాయి. అందుకే మామూలు డప్పుకు స్పష్టమైన శ్రుతి ఉండదు. మరి మృదంగానికి ఎలా వచ్చింది? కుడి ముఖం నడుమ ఆ నల్లటి పూత వల్ల. నడుమ బరువు పెరిగి, అడ్డదిడ్డంగా ఉన్న ఉపస్వరాలు పక్కకు జరిగి వరసలో కూర్చుంటాయి. దీన్ని శాస్త్రీయంగా చూపిన వాడు సి.వి.రామన్. 1920లో ఒక సహచరుడితో కలిసి 'నేచర్' పత్రికలో రాశాడు. రామన్ చిన్నప్పుడు చదువుకున్నది విశాఖపట్నంలో, ఆ తర్వాత ఇక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో. ఆయనకు నోబెల్ 1930లో వచ్చింది కాంతి పరిశోధనకే, కానీ ఆ మృదంగం వ్యాసం నాకు అంతకంటే ముచ్చటగా ఉంటుంది. పేరు తెలియని చర్మకారులు, వాద్యాలు చేసేవాళ్లు, ఏ సమీకరణం లేకుండా చెవితోనే ఆ పూత మందం కుదిర్చారు కదా!

మెరీనాలో అల ఒడ్డుకు వస్తుంటే నీళ్లన్నీ ఇటే వచ్చేస్తున్నట్టేగా?

అలలు విరిగే చోటికి అవతల ఏదైనా సీసా తేలుతుంటే కాసేపు గమనించండి. అల వస్తే పైకి, ముందుకు. పోతే కిందికి, వెనక్కి. ఒక గుండ్రం చుట్టి దాదాపు ఉన్నచోటికే వస్తుంది. లోపల నీళ్లూ అలాగే గుండ్రాలు చుడతాయి, లోతుకు పోయేకొద్దీ ఆ గుండ్రాలు చిన్నవవుతాయి. అల పొడవులో సగం లోతుకు వెళ్తే ఇక కదలికే ఉండదు. పది సెకన్లకొకటి వచ్చే అల నడిసముద్రంలో సుమారు 156 మీటర్ల పొడవుంటుంది, కాబట్టి 80 మీటర్ల కింద ఈదే చేపకు పైన అల ఉన్న సంగతే తెలియదు.

ఇక్కడ వెనక్కి లాగేది నీటి బిగువు కాదు, భూమ్యాకర్షణ. బకెట్‌లో వేలు ముంచితే వచ్చే సన్నటి అలల్లో మాత్రం తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, లాగుతుంది. అల పొడవు 1.7 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తలతన్యతదే పెత్తనం.

అల నీటినే మోయదంటే, మరి ఇసుకను ఎలా మోస్తుంది? మెరీనా అంతా ఇసుకే కదా?

అడిగింది తొమ్మిదో తరగతి అమ్మాయి. నన్ను బాగా ఇరకాటంలో పెట్టింది.

ఒడ్డు దగ్గరికి వచ్చాక అల పాత నియమాలు పాటించదు. అడుగు తగిలి నెమ్మదిస్తుంది, పొడవు తగ్గుతుంది, ఎత్తు పెరుగుతుంది. ఎత్తు నీటి లోతులో సుమారు 0.8 వంతుకు చేరితే పైభాగం ముందుకు తూలి విరిగిపోతుంది. విరిగిన అల ఇక తరంగం కాదు, పారే నీరు. అది ఇసుకను మోస్తుంది. చెన్నై తీరానికి అలలు ఏటవాలుగా వస్తాయి కాబట్టి ఏడాది మొత్తంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. 1870లలో హార్బర్ కట్టడం మొదలుపెట్టాక ఆ గోడ దగ్గర ఇసుక ఆగిపోయింది. దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. మనం సుండల్ (గుగ్గిళ్లు) తింటూ నడిచే ఆ ఇసుక మైదానం చాలావరకు అలల లెక్క తప్పడం వల్ల వచ్చిందే.

సునామీ మామూలు అలకంటే ఎత్తు కాబట్టే ప్రమాదమా?

ఎత్తు కాదు, పొడవు. మామూలు అల పొడవు పదుల మీటర్లు, మహా అయితే కొన్ని వందలు. సునామీ పొడవు వంద కిలోమీటర్లు దాటొచ్చు. పైపై నీరు కాదు, అడుగు నుంచి పైదాకా సముద్రం మొత్తం కదులుతుంది. అందుకే దాని వేగం లోతును బట్టే ఉంటుంది. నాలుగు వేల మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది, అంటే విమానంతో పోటీ. నడిసముద్రంలో అది అర మీటరు ఎత్తే ఉండొచ్చు, పడవలో వాళ్లకు తెలియనే తెలియదు. తీరానికి వచ్చి నెమ్మదిస్తే వెనకాల వచ్చే శక్తి అంతా ముందు భాగం మీద పోగవుతుంది. నెమ్మదిస్తే ఎత్తు పెరుగుతుంది. ఈ మాట తర్వాత మళ్లీ వస్తుంది.

2004 డిసెంబరు 26 ఉదయం మన టైము ప్రకారం సుమారు 6:29కి సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. రెండున్నర గంటల తర్వాత నీళ్లు మెరీనా మీదకు వచ్చాయి. ఆదివారం ఉదయం, ఇసుకలో క్రికెట్ ఆడే పిల్లలు, వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్లు. రెండున్నర గంటలంటే అందరినీ ఖాళీ చేయించడానికి సరిపోయే సమయమే, కానీ చెప్పే వ్యవస్థ అప్పుడు లేదు. 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో (సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం) సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది.

2012లో కూడా సుమత్రా దగ్గర అంత పెద్ద భూకంపం వచ్చిందిగా, అప్పుడు సునామీ ఎందుకు రాలేదు?

2012 ఏప్రిల్ 11, మధ్యాహ్నం 2:08. తీవ్రత 8.6. ఇక్కడ ఆఫీసుల నుంచి జనం రోడ్ల మీదకు వచ్చేశారు. బీచ్‌లు ఖాళీ చేయించారు. వచ్చింది చిన్న సునామీయే, పరికరాలకు అందేంతే.

2004లో సముద్రం అడుగు పైకి లేచింది. దాని మీదున్న నీళ్లన్నీ లేచాయి. 2012లో ఒకే పలక లోపలి రాతి భాగాలు ఒకదాని పక్కన ఒకటి అడ్డంగా జారాయి. నిండిన బకెట్ కింద నుంచి గుద్దితే నీళ్లు ఎగురుతాయి, బకెట్ కింద బల్లగుడ్డను పక్కకు లాగితే పెద్దగా ఎగరవు. తీవ్రత ఎంత అన్నది ఒక ప్రశ్న, నేల ఎటు కదిలింది అన్నది వేరే ప్రశ్న.

అప్పుడు పై అంతస్తుల వాళ్లకే ఎందుకు ఎక్కువ తెలిసింది? మా అమ్మ కింద కూరలు కొంటోంది, ఆవిడకు ఏమీ తెలియలేదట.

ఆ భూకంపం ఇక్కడికి 1,800 కిలోమీటర్ల పైనే. పీ తరంగం సుమారు నాలుగు నిమిషాల్లో వచ్చి ఉంటుంది, అది ఎవరికీ తెలియదు. నెమ్మదిగా నేల పైపొరల్లో పాకుతూ వచ్చే ఉపరితల తరంగాలు ఎనిమిది, తొమ్మిది నిమిషాలకు చేరతాయి. అంత దూరం నడిచేసరికి గబగబా ఊగే తరంగాలు దారిలోనే వేడిగా మారి అరిగిపోతాయి. నిదానంగా, సెకన్లకు ఒక ఊపు చొప్పున ఊగేవే మిగులుతాయి. ఎత్తైన భవనం సహజంగా ఊగే వేగం కూడా అంతే నిదానం. ఊయలను దాని తాళంలోనే తోస్తే ఎలా పెరుగుతుందో అలా భవనం ఊగుతుంది. దీన్ని అనునాదం అంటాం. ఒంటి అంతస్తు ఇంటికీ, కూరలబండి దగ్గర నిలబడ్డవాళ్లకూ ఆ తాళం అందదు.

మెత్తటి నేల సంగతి ఇంకొకటి. గట్టి రాయి నుంచి మెత్తటి మట్టిలోకి వచ్చిన తరంగం నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే ఏమవుతుందో ఇప్పుడే చెప్పుకున్నాం. 1985 సెప్టెంబరులో మెక్సికో సిటీని కూల్చిన భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. నగరం కట్టింది పాత చెరువు మట్టి మీద. చెన్నైని కూడా 2002లో భూకంప జోన్ల పటం సవరించినప్పుడు రెండు నుంచి మూడుకు మార్చారు, అంటే ముప్పు ఎక్కువని. ఫ్లాటు కొనేవాళ్లు మార్బుల్ రంగు అడిగేముందు నేల పరీక్ష రిపోర్టు అడిగితే బాగుంటుంది.

స్కానింగ్‌కు వెళ్తే పొట్ట మీద చల్లటి జెల్ ఎందుకు రాస్తారు?

నేను వెల్డింగ్ మీద గ్రీజు ఎందుకు రాసేవాణ్ణో అందుకే.

ఒక పదార్థం నుంచి ఇంకోదానిలోకి తరంగం వెళ్లాలంటే రెండూ కాస్త పోలికగా ఉండాలి. పోలిక చూసే కొలత సాంద్రతను వేగంతో గుణిస్తే వస్తుంది. గాలికి అది సుమారు 400, కండకు సుమారు 16 లక్షలు. నాలుగు వేల రెట్ల తేడా. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య వెంట్రుక మందం గాలి ఉన్నా, వెయ్యిలో ఒక వంతు శక్తి మాత్రమే లోపలికి పోతుంది. మిగతాదంతా గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తుంది. జెల్ ఆ గాలిని తరిమేస్తుంది. దానిలో మందేమీ లేదు, భయపడకండి.

మా పనికి ఈ పిచ్చి గాలే అన్నం పెట్టింది. పగులంటే లోపల చిక్కుకున్న గాలి పొరే కదా. ఉక్కులో సాఫీగా పోతున్న తరంగం అక్కడికి రాగానే పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. 25 మిల్లీమీటర్ల ప్లేటులో అడుగు నుంచి ఎకో రావడానికి 8.5 మైక్రోసెకన్లు పడుతుంది. 3.4 దగ్గర ఇంకో ఎకో లేచిందంటే పది మిల్లీమీటర్ల లోతులో ఏదో ఉంది. పదార్థం నడుమ తరంగానికి చెప్పుకోదగ్గ సంఘటనలేమీ ఉండవు. కథంతా సరిహద్దుల దగ్గరే జరుగుతుంది.

వెల్డింగ్‌కు మేము ఎక్కువగా ఏటవాలు ప్రోబ్ వాడతాం: 45, 60, 70 డిగ్రీలు. అక్కడ తిర్యక్ తరంగాన్నే పంపుతాం. నెమ్మది కాబట్టి అదే పౌనఃపున్యానికి (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) తరంగదైర్ఘ్యం, అంటే తరంగం పొడవు, తక్కువ; రెండు మెగాహెర్ట్జ్ దగ్గర అనుదైర్ఘ్యానికి సుమారు 3 మిల్లీమీటర్లు, తిర్యక్‌కు 1.6. చిన్న పగులు కనబడాలంటే చిన్న తరంగదైర్ఘ్యం కావాలి. మరీ చిన్నదైతే లోహపు రేణువులకే చెదిరిపోయి లోతుకు పోదు. ఏ ప్రోబ్ ఎంచుకోవాలన్నదే ఈ పనిలో సగం నేర్పు. రైల్వే వాళ్లు పట్టాలను పరీక్షించేదీ ఈ పద్ధతిలోనే.

కాంక్రీటును కూడా ఇలా చూడొచ్చా?

చూడొచ్చు, కానీ అక్కడ ఎకో కాదు, వేగం చూస్తారు. స్తంభానికి ఒకవైపు నుంచి పంపి రెండోవైపు పట్టుకుంటారు. సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే భేషు, 3.5 నుంచి 4.5 బాగుంది, 3 కంటే తగ్గితే అనుమానమే. ఇది 1992 నాటి భారత ప్రమాణంలోని లెక్క; 2018లో దాని స్థానంలో కొత్తది వచ్చి హద్దులు కాస్త మారాయి. లోపల ఖాళీలుంటే తరంగం చుట్టు తిరిగి రావాలి, ఆలస్యమవుతుంది.

పై ఫ్లాటులో మిక్సీ వేస్తే మా ఇంట్లో వేసినట్టే వినిపిస్తోంది. వాళ్ల టీవీ మాత్రం వినపడదు. ఎందుకు?

టీవీ శబ్దం ముందు గాలిలో పుట్టి కాంక్రీటులోకి దూరాలి. గాలి నుంచి గట్టిపదార్థంలోకి దూరడం ఎంత కష్టమో జెల్ దగ్గర చూశాం. మిక్సీ అలా కాదు. గ్రానైట్ గట్టు మీద కూర్చుని నేరుగా స్లాబునే కుదుపుతుంది, సరిహద్దు దాటాల్సిన పనే లేదు. రోటిలో దంచినా, కుర్చీ ఈడ్చినా అంతే. స్లాబులో ఆ కుదుపు పెద్దగా అరగకుండా నాలుగు ఇళ్లకు పాకుతుంది.

కాబట్టి కిందివాళ్లు సీలింగ్‌కు థర్మకోల్ అంటించుకుంటే డబ్బు దండగ. పైవాళ్ల మిక్సీ కింద మందపాటి రబ్బరు షీటు పెట్టించండి, వంద రూపాయల్లో తేలిపోతుంది. నాకు ఫ్లాటు అమ్మిన బిల్డరు 'అంతా సౌండ్‌ప్రూఫ్ సార్' అన్నాడు. గృహప్రవేశం రోజే పై ఇంటి పప్పు రుబ్బుడుతో సహా విన్నాను. చివరికి నేనే రబ్బరు షీటు కొని, స్వీట్ల డబ్బాతో కలిపి పైకి పట్టుకెళ్లాను. పైనున్న అమ్మాయి నవ్వి 'అంత వినపడుతోందా బాబాయిగారూ' అంది. ఆ తర్వాత ఇబ్బంది లేదు.

పగలు వినపడని రైలు కూత రాత్రి అంత దగ్గరగా ఎలా వినిపిస్తుంది? (వాచ్‌మన్ ప్రశ్న)

చుట్టూ నిశ్శబ్దం అన్నది సగం కారణమే. వేడి గాలిలో శబ్దం వేగంగా, చల్లగాలిలో నెమ్మదిగా పోతుంది. సున్నా డిగ్రీల దగ్గర 331, మన మే నెల 35 డిగ్రీల్లో 352. తరంగం ఎప్పుడూ నెమ్మదైన వైపు వంగుతుంది. పగలు నేల కాలిపోతూ ఉంటుంది, పైగాలి చల్లన. కూత పైకి వంగి మన తల మీదుగా పోతుంది. తేటగా ఉన్న రాత్రి నేల చల్లబడి లెక్క తిరగబడుతుంది, కూత కిందికి వంగి మన చెవిలో పడుతుంది. ఇదే వక్రీభవనం.

పిడుగు ఎంత దూరంలో పడిందో ఎలా తెలుస్తుంది?

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి. అన్ని కిలోమీటర్లు. ముప్పై సెకన్ల లోపు వస్తే మేడ దిగేయండి.

కాంతికి పదార్థమే అక్కర్లేదంటారు. మరి గాజులో నెమ్మదించడం ఎందుకు?

కాంతిలో ఊగేవి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు. ఒకదాన్ని ఒకటి పుట్టిస్తూ పోతాయి కాబట్టి డబ్బాల వరస అక్కర్లేదు. పాతకాలంలో 'ఈథర్' అనే కనబడని యానకం ఉందని నమ్మేవారు. 1887లో మైకెల్సన్, మోర్లీ వెతికితే దాని జాడ దొరకలేదు.

గాజులోకి వెళ్తే కాంతి అక్కడి ఎలక్ట్రాన్లను ఊపుతుంది. అవి ఊగి తమ వంతు కాంతిని కాస్త ఆలస్యంగా వెదజల్లుతాయి. అసలుదీ, ఇదీ కలిసిన తరంగం వెనకబడుతుంది. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు గాజులో రెండు లక్షలవుతుంది. చెన్నై తీరం నుంచి సింగపూరుకు సముద్రం అడుగున కేబుళ్లున్నాయి, సుమారు 3,200 కిలోమీటర్లు. గాజు పోగులో ఒకవైపు ప్రయాణానికి 16 మిల్లీసెకన్లు. ఆన్‌లైన్ గేములో పింగ్ (సంకేతం వెళ్లి తిరిగొచ్చే సమయం) తగ్గడం లేదని గోల చేసే పిల్లలకు నేను చెప్పేది ఇదే: వైఫై రూటరును తిట్టకండి, కొంత గాజు తప్పు.

లిఫ్టులోకి వెళ్తే ఫోన్ ఎందుకు కట్ అవుతుంది?

లిఫ్టు ఉక్కు పెట్టె. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు వచ్చిన తరంగానికి ఎదురు ఊగి దాన్ని వెనక్కి పంపేస్తాయి. తలుపు సందుల్లోంచి వచ్చిందే దక్కుదల.

మైక్రోవేవ్‌తో ప్రయోగం ఉందట?

తిరిగే పళ్లాన్ని తీసేసి, లోపల బోర్లించిన ప్లేటు మీద పచ్చి అప్పడం పెట్టి కొద్ది సెకన్లు నడపండి. అక్కడక్కడే పొంగుతుంది. ఓవెన్ గోడల మధ్య కూడా వీణతీగలో లాంటి స్థిర తరంగమే ఉంటుంది, పొంగిన చోట్లు దాని వంపులు. పక్కపక్క మచ్చల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు వస్తే, అది సగం తరంగదైర్ఘ్యం. రెట్టింపు చేసి 245 కోట్లతో గుణించండి, ఎందుకంటే ఓవెన్ పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్. కాంతి వేగం మీ వంటింట్లో దొరుకుతుంది. పొంగని భాగాన్ని తర్వాత నూనెలో వేయించుకోండి.

పట్టాలకు చెవి ఆనిస్తే రైలు ముందే వినిపిస్తుందా?

వినిపిస్తుంది. కానీ వద్దు. చెయ్యొద్దు. మీ తమ్ముళ్లను కూడా చెయ్యనివ్వొద్దు. మీకు అటునుంచి వచ్చే రైలు వినిపిస్తుంటే ఇటునుంచి ఇంకోటి వస్తుంది.

మా మేడ మీద పిట్టగోడ పొడవునా ఒకే ఇనుప గొట్టం రెయిలింగ్ ఉంది, సుమారు నలభై మీటర్లు. ఒక చివర ఒకరు రాయితో ఒక్కసారి కొట్టాలి, రెండో చివర ఇంకొకరు చెవి ఆనించి ఉండాలి. ఇనుము మీదుగా చప్పుడు సెకనులో వందో వంతుకంటే ముందే వచ్చేస్తుంది. గాలి మీదుగా రావడానికి అంతకు పదింతలకు పైగా పడుతుంది. కొట్టింది ఒక్కసారి, వినపడేది రెండుసార్లు: టక్, టక్. పోయిన ఆదివారం రెండో తరగతి వాడు ఒకడు నమ్మలేదు. కొట్టేవాడే మోసం చేసి రెండుసార్లు కొడుతున్నాడని, మధ్యలో నిలబడి కాపలా కాశాడు.